పదిహేడో పడవ పట్టు

బోగోలు దాటి సముద్రం వైపు పోతే, రోడ్డు ఇసకలో దిగబడిపోయే చోట ఒక చర్చి ఉంది. తెల్ల సున్నం, నీలం తలుపులు, ఊరికి మించిన గంటస్తంభం. ఆ స్తంభం నెత్తిన గంటతోపాటు ఒక ఆంటెన్నా కూడా ఉంది. గంట ఆదివారమే మోగుతుంది. ఆంటెన్నాకి ఆదివారం కూడా సెలవు లేదు.

ఆంటెన్నా కింద, పాస్టరుగారు అంగీ మార్చుకునే చిన్నగదిలో, ఇనప బీరువాలో ఒక మిషను. సముద్రం మీదున్న ప్రతి పడవలో ఒక పెట్టె. ఫోను సిగ్నలు చచ్చిపోయినంత దూరం పోయినా సరే, ఆ పెట్టెలో నాలుగు మాటలు కొడితే ఈ మిషను అందుకుని ఇంట్లోవాళ్ల ఫోనుకి చేరుస్తుంది. ఒడ్డు మాట పడవకీ చేరుస్తుంది. ఆ చేర్చే పని మిషను గుండెకాయలో, కెర్నెల్లో, జరుగుతుంది. ఆ గుండెకాయకి కుట్లు వేసే మనిషి అబిగయీలు.

ఆమె ఏం పని చేస్తుందని ఊళ్లో అడిగితే కంప్యూటరు రిపేరు అంటారు. మెదడుకి ఆపరేషను చేసే డాక్టర్ని పట్టుకుని తలకి నూనె రాయమన్నట్టు, చార్జింగు ఎక్కని ఫోన్లు తెచ్చి ఆమె ఒళ్లో పడేస్తారు. ఆమె నోటితో నాలుగు తిట్టేది. చేత్తో బాగుచేసి ఇచ్చేది. ముప్పై నాలుగేళ్లు, కావలి డిగ్రీ కాలేజీ, ఆ తర్వాత అంతా సొంత చదువు. నెల్లూరు ఆఫీసువాళ్లు రెండుసార్లు పెద్ద కుర్చీ చూపించినా ఈ ఊరు కదల్లేదు. మొగుడు ఫ్రెడ్డీ సముద్రం వదలడు. అమ్మ రెబెక్కమ్మ ఒడ్డు వదలదు. తానెక్కడికి పోతుంది?

కెర్నెల్లో ఒక నియమం ఉంది. ప్రతి పడవకీ మిషను లోపల ఒక పేరు, ఒక చోటు. ఆ పడవ మీద పనిబడిన ప్రతి ముక్కా ముందు దాన్ని పట్టుకోవాలి. పట్టు లెక్క ఒకటి పెరుగుతుంది. పని కాగానే వదలాలి. ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నా అయితేనే ఆ పేరు తుడిచెయ్యొచ్చు. ఎవరన్నా పట్టుకుని వదలడం మర్చిపోయినారా, ఆ లెక్క ఇంక జన్మకి సున్నా కాదు. దాన్నే లీకు అంటారు. అబిగయీలు పని ఆ లీకులు వెతకడం. లెక్కకి పేర్లు తెలియవు. ఎన్ని చేతులున్నాయో చెబుతుంది, ఎవరి చేతులో చెప్పదు. అందుకని ఏ పట్టు ఎప్పుడు ఎందుకు పడిందో రాసిపెట్టే ఒక కాపలాని ఆమె మొదటిరోజే లోపల పెట్టుకుంది.

ఇదంతా నెల్లూరు కుర్రోళ్లకి బుర్రకెక్కడానికి నెల పట్టింది. అబిగయీలుకి పూట పట్టలేదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి అది చెప్పించుకునే సంగతి కాదు.

అక్కడ పడవ అలల మీదికి ఎక్కేటప్పుడు వెనక కొసన ఒక మోకు, లావుపాటి తాడు, తగిలిస్తారు. దాని రెండో కొస ఒడ్డున ఆ ఇంటి మనిషి పట్టుకుంటుంది. ఎక్కువగా ఆడమనిషే. మోకు బిగువుగా ఉంటే పడవ ముక్కు అలకి ఎదురుగా నిలబడుతుంది. మూడో అల దాటాక, పడవలో చివర కూర్చున్నవాడు "వదులు" అని కేకేస్తాడు. అప్పుడు ఆమె సడలిస్తుంది, వాడు అక్కడ తప్పిస్తాడు, ఈమె లాక్కుని చుట్టి ఇంట్లో తగిలిస్తుంది. పడవ తిరిగొచ్చిందాకా ఆ మోకు ఇంకో పనికి వాడరు. కేక వినపడకముందు ఒక్క చెయ్యి కూడా తియ్యకూడదు.

పోయిన నవంబరులో తమ్ముడు హెన్రీ పదిహేడో నంబరు పడవ ఎక్కినప్పుడు మోకు పట్టింది అబిగయీలే. అమ్మకి ఆరోజు జ్వరం. రెండో అల దగ్గర జేబులో ఫోను మోగింది. ఆఫీసు. ఎడంచెయ్యి తీసింది. ఒక్క చెయ్యే, ఒక్క నిమిషమే. పడవ కొంచెం పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది. హెన్రీ నవ్వినాడు. ఆ తర్వాత "వదులక్కా" అన్నాడో లేదో ఆమెకి గుర్తులేదు. ఎంత తలకొట్టుకున్నా గుర్తురాదు. మూడోరోజు పడవ కనపడకుండా పోయింది. నలుగురు మనుషులు. చెక్కముక్క కూడా దొరకలేదు.

పాస్టరుగారు మూడుసార్లు ఇంటికొచ్చి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామన్నారు. రెబెక్కమ్మ మూడుసార్లూ ఒకటే మాట చెప్పింది.

"శవం రాలేదు. మాటా రాలేదు. దేనికయ్యా కూడిక?"

హెన్రీ మోకు తెచ్చి, మాట వస్తే ముందు ఇక్కడికే కదా అని, ఆ చిన్నగది గోడకే తగిలించింది. పాస్టరుగారి అంగీ పక్కన, మిషనుకి ఎదురుగా. పదకొండు నెలలు. ఎండి గడ్డిపరకలాగా తేలికైపోయింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి జరిగింది చిన్నపని. పడవల సంఘం పెద్ద జయరామయ్య కొత్త పడవ దించినాడు. మిషనులో ఖాళీ చోటు లేదు, పోయిన పడవ చోటు ఇప్పించమన్నాడు. వారం నుంచి అడుగుతున్నాడు, పోయిన పడవ అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా తడబడకుండా అన్నాడు. అబిగయీలు ఆయన్ని కడిగేద్దామనుకుంది. కానీ ఆయన పడవలో కూడా మనుషులే కదా ఎక్కేది. అమ్మకి చెప్పకుండా చర్చికి వచ్చింది. పదిహేడు తుడిచెయ్యమని మిషనుకి చెప్పి, ఒకసారి కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి తెర మీద ఒక వరస. ఇంగ్లీషులోనే ఉంది, తెలుగులో అయితే ఇది.

పడవ-17 విడుదల కోసం ఎదురుచూస్తున్నాను. పట్టు లెక్క 1.

పది సెకండ్లకి మళ్లీ అదే వరస. ఇంకో పదికి మళ్లీ.

లీకు. అంతే. ఇట్టాంటివి వందల సార్లు చూసిందామె. ఒకటే చిక్కు. పేరు తుడిచే పని లోపల గడియ పెట్టుకుని చేస్తారు. అది ముగిసిందాకా ఇంకే పడవ మాటా లోపలికి రాదు, బయటికి పోదు. అన్నీ గడప దగ్గర వరసలో నిలబడతాయి.

రెండింటికి ఫోను వణికింది. రేపటికి వస్తుందన్న వాయుగుండం దారి మార్చుకుని ఈ రాత్రికే వస్తోంది. చీకటి పడేలోపల పడవలన్నీ ఒడ్డుకి చేరాలి. సముద్రం మీద ముప్పై పడవలు. ఇరవై మూడో నంబరులో ఫ్రెడ్డీ.

వాళ్లకి కబురు పోయే దారి ఒక్కటే. దాని గడియ ఆమే పెట్టింది.

కిటికీలో వెలుతురు గోధుమరంగుకి తిరిగింది. గాలి లేదు. చర్చి వెనక ఎండబెట్టిన సావిడాయ చేపల వాసన గదిలోకి వచ్చి కదలకుండా నిలబడింది. ఎక్కడో డబ్బారేకు ఒకటి ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకుంది. అబిగయీలు నెల్లూరులో ఉన్న రవి కుమార్‌కి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. ఇద్దరూ ఆరేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. ఆమె తిట్లకి అతనొక్కడే అలవాటుపడినాడు. మిషను ఆపి మళ్లీ వెయ్యమని అతను అంటే, ముప్పై పెట్టెలూ తిరిగి కలుసుకోవడానికి నాలుగు గంటలు పడుతుందని, ఆలోపు చీకటి పడుతుందని చెప్పింది. ఆ పట్టు ఎక్కడ మిగిలిపోయిందో వెతుకుదామన్నాడు. వెతుకుతానే ఉండాను, నోరుమూసుకుని లైన్లో ఉండమంది.

మూడున్నర దాటాక దొరికింది. చూడగానే ఆమెకి చెంపలు వాయించుకోవాలనిపించింది. పడవ నుంచి మాట వస్తుంది. పడవని పట్టుకుంటాం. ఇంటి ఫోను దొరికితే మాట ఇచ్చేసి వదులుతాం. ఫోను దొరక్కపోతే… వెనక్కి వచ్చేస్తాం. వదలకుండా. ఒక్క లైను రాయలేదు. రాయనిది తానే. ఎవరికీ చేరని మాట పడవని పట్టుకుని లోపలే ఉండిపోతుంది.

కాపలా రాసిన చీటీ తెరిచింది. పట్టు పడిన రోజు పోయిన నవంబరు పద్నాలుగు. హెన్రీ సముద్రం మీదికి పోయిన మూడోరోజు. పంపింది పదిహేడో పడవ. చేరాల్సిన ఫోను…

ఆమె ఫోనే.

ఆరోజు సాయంత్రం ఫోను ఆపుకుని ఆఫీసు మీటింగులో కూర్చుంది.

మాటా రాలేదు అనింది అమ్మ. వచ్చింది. పదకొండు నెలల నుంచి ఈ ఇనప బీరువాలో, అమ్మ మోకు తగిలించిన గోడకి ఎదురుగా, ఉంది. పట్టు వదలనందువల్లే చెరిగిపోకుండా ఉంది. ఆ చోటు తెరిచి చూసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, వాడు ఎప్పుడూ కొట్టే తీరు.

అక్కా వదలమాక.

ఫోన్లో రవి కుమార్ ఏమైందని మూడుసార్లు అడిగినాడు. చెప్పింది. అతను ముందు ఆ మాట కాగితం మీద రాసుకోమన్నాడు. నడుస్తున్న కెర్నెల్లోకి చిన్నముక్క ఎక్కించి ఆ ఒక్క పట్టూ వదిలిస్తే గడియ తెరుచుకుంటుందన్నాడు. అది నిజమే. ఆ ముక్క రాయడం ఆమెకి పావుగంట పని.

మాట కాగితం మీద దింపుకుని, ముక్క రాయడం మొదలుపెట్టింది. తెర మీద పది సెకండ్లకొకసారి ఆ వరస పడుతోంది. పడినప్పుడల్లా వెనక ఒక చప్పుడు. మొదట పట్టించుకోలేదు. కిర్రుమని… ఆగి… మళ్లీ కిర్రుమని. బరువు మోస్తున్న తాడు చేసే చప్పుడు. పుట్టినప్పటినుంచి విన్నది, పొరపడే పని లేదు.

తిరిగి చూసింది. గోడకి మోకు మామూలుగా వేలాడుతోంది. దానికింద నేల మీద తడి. అరచేతి వెడల్పున. డీజిలు వాసన, నాచు వాసన. వాన ఇంకా మొదలవలేదు.

ముక్క తయారైంది. ఎక్కించే ముందు ఇంకొక్కసారి ఆ మాట చూసుకోవాలనిపించింది. అది రాసినవాడి చేతిని చూసినట్టు ఉంటుందని, అంతే. తెరిచింది.

అక్కా ఇప్పుడే వదలమాక.

చదివింది. మళ్లీ చదివింది. కాగితం చూసింది. కాగితం మీద రెండే మాటలు.

"రవీ," అంది గుసగుసగా. "మాట మారింది."

"మెమరీ పాడై ఉంటుందక్కా. పదకొండు నెలలుగా ఆపకుండా నడస్తా ఉండాది."

"పాడైన మెమరీ పిచ్చిగీతలు గీస్తాది. బోగోలు తెలుగు మాట్లాడదు."

అతనికీ భయమేసింది, ఆ భయాన్ని మింగి పనిమాట మాట్లాడినాడు. "నాలుగు దాటింది. ముప్పై పడవలక్కా. ఫ్రెడ్డీ అన్న ఉండాడు. చనిపోయిన తమ్ముడి మాట కోసం…"

చనిపోయిన అనే మాట ఆ ఇంటివాళ్ల ముందు ఎవరన్నా అనడం అదే మొదలు. ఇంకో రోజైతే ఆమె నోటికి అతను బతికి బట్టకట్టేవాడు కాదు. ఆరోజు నోరు రాలేదు. ఒకవైపు మూడు మాటలు. ఇంకోవైపు ముప్పై పడవలు. అక్క అయితే ఏంది, ఏ మనిషికైనా దీంట్లో ఎంచుకునేది ఏముంది? ఉన్నట్టు కనపడడమే.

కిర్రు… కిర్రు… ఇప్పుడు పది సెకండ్లు ఆగడంలేదు.

"క్షమించు నాయనా," అంది. మీట నొక్కింది. నాలుగు గంటల పన్నెండు నిమిషాలు.

పట్టు లెక్క 0. పడవ-17 విడుదల అయింది.

వెనక చప్పుడు ఆగిపోయింది. ఒక్కసారిగా. బిగువు మీదున్న తాడు తెగితే మిగిలే నిశ్శబ్దం అది.

గడియ తెరుచుకుంది. తుఫాను కబురు ముప్పై పడవలకీ పరిగెత్తింది. ఒక్కొక్కటే జవాబులు. వస్తా ఉండాం. వస్తా ఉండాం. గంటలో ఒడ్డున ఉంటాం. తొమ్మిది నంబరు, ముప్పై ఒకటి, నాలుగు. అబిగయీలు వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. పది, పందొమ్మిది, ఇరవై ఆరు. రవి కుమార్ అవతల ఏడుస్తూ నవ్వుతున్నాడు. అతని ఫోను అక్కడే తెగింది. సిగ్నలు పోయింది.

ఇరవై తొమ్మిది జవాబులొచ్చినాయి.

ఇరవై మూడు రాలేదు.

ఆ తర్వాత, గడియ పెట్టి ఉన్నంతసేపూ గడప దగ్గర నిలబడిపోయిన పాత మాటలు లోపలికి రావడం మొదలైంది. పంపిన వేళలతో సహా. ఇరవై మూడో పడవవి నాలుగు. నాలుగూ ఆమెకే.

రెండూ పది: అబీ ఇంజను ఆగిపోయింది. భయపడబాక. చూస్తా ఉండాం.

రెండూ యాభై: దేవుడు పంపినట్టు పడవ ఒకటి వచ్చింది. మోకు వేసినారు. లాక్కొస్తా ఉండారు.

మూడూ నలభై: నంబరు కనపడడంలేదు. వాళ్లు మాట్లాడరు. నలుగురు. చివర కూర్చున్నవాడు ఇటు తిరగడు. గంటస్తంభం కనపడతా ఉండాది అబీ.

నాలుగూ పన్నెండు: మోకు వదిలేసినారు.

అంతే. కింద ఇంకేం లేదు.

అబిగయీలుకి అరవాలని ఉంది. ఎక్కడున్నారు అని కొట్టింది. ఎక్కడున్నారు. ఎక్కడున్నారు. ఏ మాటకీ జవాబు లేదు. గాలి అప్పుడు లేచింది. కిటికీ రెక్క గోడకేసి కొట్టుకుంది. వాన అడ్డంగా వచ్చి పడింది. పొద్దు గుంకకముందే గదిలో కన్ను పొడుచుకున్నా కనపడనంత చీకటి, తెర ఒక్కటే వెలుగు.

వదిలించిన పట్టు తిరిగి పట్టుకోవాలంటే కెర్నెల్లో దారి లేదు. సున్నా అయిందాన్ని మళ్లీ ఒకటి చెయ్యకూడదు, చెయ్యలేరు. ఆ నియమం ఆమె నలుగురికి నేర్పింది. ఇప్పుడు దాని ముందు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

తలుపు తోసుకుని రెబెక్కమ్మ వచ్చింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒడ్డున పడవలొస్తున్నాయని, ఫ్రెడ్డీ పడవ లేదని చెప్పడానికి వచ్చినట్టుంది. కూతురి మొహం చూసింది, తర్వాత గోడకున్న మోకు చూసింది. అది తడిసి నల్లబడి ఉంది.

అబిగయీలు చెప్పింది. అంతా, ఒక్కటి కూడా దాచకుండా. ఫోను, ఎడంచెయ్యి, మీటింగు, వచ్చిన మాట, మారిన మాట, నాలుగూ పన్నెండు. చెబుతుంటే తల్లి మధ్యలో ఒక్కటే అడిగింది.

"వదిలేసినావా?"

"వదిలేసినానమ్మా."

అప్పుడు తెర మీద వరస పడింది.

పడవ-23 విడుదల కోసం ఎదురుచూస్తున్నాను. పట్టు లెక్క 1.

ఇరవై మూడుని తుడవమని ఎవరూ చెప్పలేదు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కాపలా చీటీ తెరిచింది. ఆ ఒక్క పట్టూ ఎవరిదంటే, పడవ-17ది. విడుదల అయిపోయిన పడవది. లేని పడవది.

హెన్రీ ఒక చెయ్యి ఇంకా తియ్యలేదు.

రెబెక్కమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ అంకె మాత్రం చదివింది. ఏమనుకుందో, గోడ దగ్గరికి పోయి మోకు దించింది. ఒక కొస తలుపు బయటికి, వానలోకి, ఇసక మీదికి విసిరింది. రెండో కొస వెనక చుట్టలుగా వదిలి, మధ్య మోకుని నడుముకి ఒక చుట్టు తిప్పి రెండు చేతులా పట్టుకుని, గడపకి కాళ్లు తన్నిపెట్టి కూర్చుంది.

పట్టు లెక్క 2.

బయట వేసిన కొస చీకట్లో ఎక్కడ పడిందో కనపడదు. కానీ మోకు మెల్లగా నేల మీద నుంచి లేచింది. బిగిసింది. కిర్రుమంది. ముసలామె ముందుకి జారింది.

"రా," అంది తల్లి. "నోరు కాదు. చేతులు తీసుకుని రా."

అబిగయీలు వెళ్లి అమ్మ వెనక కూర్చుంది. రెండు చేతులా పట్టుకుంది. మోకు చల్లగా ఉంది. అవతల బరువు ఉంది. ప్రాణమున్న బరువో కాదో చెప్పలేనిది.

పట్టు లెక్క 3.

అరచేతులు చెక్కుకుపోతున్నాయి. సముద్రం వైపు నుంచి "వదులు" అన్న కేక కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఆ కేక వినపడాలో వినపడకూడదో కూడా ఇద్దరికీ తెలియదు. సిగ్నలు పోయిన ఫోను జేబులో మోగింది. అబిగయీలు చెయ్యి తియ్యలేదు. మోగి మోగి ఆగిపోయింది.

పది సెకండ్లు.

పట్టు లెక్క 4.

ఆమె వెనక నేల మీద చుట్టలుగా పడున్న మిగతా మోకు, ఎవరో అందుకున్నట్టు, మెల్లగా పైకి లేచింది… బిగువుకి వచ్చింది. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. డీజిలు వాసన. నాచు వాసన.

అబిగయీలు వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలంటే ఒక చెయ్యి తియ్యాలి.